మిరప కల్లంలో మూడు ఎరుపులు

పోయిన వారం కర్నూలులో ఒక లాప్‌టాప్ షాపులో నిలబడి ఉండగా, బల్ల మీది యంత్రం పక్క సందులోంచి వేడిగాలి వచ్చి నా చేతి వెనుకవైపు తగిలింది. మే నెల మిట్టమధ్యాహ్నం బస్టాండులో ఇంజను ఆపని బస్సు పక్కన నిలబడితే తగిలే గాలి ఉందే, దానికి సొంత చెల్లెలు ఈ గాలి. దాని వెంటే కొత్త ప్లాస్టిక్కు వాసన, ఆ వాసన కింద సన్నగా దుమ్ము కాలే వాసన. అది ముక్కుకు తగలగానే దేవసహాయం అన్న గుర్తొచ్చాడు. గుర్తొచ్చాడు అనడం మర్యాద కోసం. నిజానికి నోరు చేదైంది. లాప్‌టాప్ సందు దగ్గర చేతిని అట్లా తిప్పి పెట్టి, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు చూడడం నాకు నేర్పింది ఆయనే. నాకు తెలియకుండానే నా చెయ్యి అక్కడికి పోయి కూర్చుంది.

షాపులో శిరీష అనే అమ్మాయి, ముప్పై ఏళ్లు ఉంటాయేమో, ఆ యంత్రం గుణగణాలను సుప్రభాతంలా చదువుతోంది. ముప్పై రెండు జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు, ఫోర్ కె వీడియో ఎంత బరువున్నా నీళ్లు తాగినట్టు తాగేస్తుందట. నేను వింటూనే జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాను. "ఇది ఒకసారి ఆడించమ్మా" అన్నాను. అందులో ఉన్నది ఒకే వీడియో. ఒకావిడ కల్లంలో కూర్చొని మిరపకాయలు ఏరుతూ ఉంటుంది. కథ అంతే. హీరో లేడు, పాట లేదు, చివర్లో శుభం కార్డు కూడా లేదు. అయినా ఈ చిన్న వీడియో కర్నూలు, కడప పట్టణాల్లో ఎన్ని లాప్‌టాప్‌లకు పరీక్ష పెట్టి ఫెయిల్ చేసిందో చెబితే, పదో తరగతి పేపర్లు దిద్దే అయ్యవార్లు కూడా సిగ్గుపడతారు.

దేవసహాయం అన్నకు కర్నూలులో పెళ్లి వీడియోల స్టూడియో ఉండేది. ఆయన తీసేవాడు, నేను మిక్సింగ్ చేసేవాణ్ణి. మిక్సింగ్ అంటే మా వాళ్ల మాటలో ఎడిటింగు. ఈ జిల్లాలో నేను చూసినన్ని తలంబ్రాలు ఏ పురోహితుడూ చూసి ఉండడు, విన్నన్ని ఉంగరాల ప్రమాణాలు ఏ పాస్టరూ విని ఉండడు. అన్నది తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం. మనిషి తాటిచెట్టంత ఎత్తు. గొంతు విప్పితే చర్చి గంట కాసేపు సెలవు తీసుకునేది. కానీ ఆయన అసలు ఆస్తి కన్ను. సందు మొదట్లో వంకాయల బండి కనపడితే చాలు, చివర్లో నిలబడి, ఏ కాయ నిన్నటిదో ఏది మొన్నటిదో చెప్పేసేవాడు. ఆ బండివాడు ఆయన్ను చూస్తే దారి మార్చుకునేవాడు.

పనిలో చేరిన మొదటి రోజు నాకు ఒక పెళ్లికూతురి బొమ్మ చూపించి ఎట్లుందని అడిగాడు. కొత్త ఉద్యోగం, పైగా భయం. "బాగుందన్నా" అన్నాను. ఆయన మానిటర్ ఆపేశాడు.

"బాగుంది అనేది రంగు గాదప్పా. నీకు ఏం కనపడతాందో అది చెప్పు."

మళ్లీ పెట్టాడు. చీర ఎర్రగా ఉందన్నాను. మళ్లీ ఆపేశాడు. ఏ ఎరుపో చెప్పమన్నాడు. ఆ సాయంత్రానికి ఎరుపులో ఎన్ని కులాలున్నాయో నాకు తెలిసివచ్చింది. కుంకుమ వేరు, పారాణి వేరు, పట్టుచీర అంచు వేరు, ఏడ్చి ఏడ్చి కందిన పెళ్లికూతురి ముక్కు వేరు. నాకు అన్నం పెట్టిన విద్య అది. ఇచ్చింది ఆయనే, ఆ మాట దాచను. తర్వాత దాన్ని లాక్కున్నదీ ఆయనే కాబట్టి ఇదీ దాచను.

ఫోర్ కె కెమెరా కొన్న రోజున దాన్ని ఆయన పెళ్లికి తీసుకుపోలేదు. కోడుమూరు పక్క పల్లెలో వాళ్ల అక్క సుగుణమ్మ మిరప కల్లానికి తీసుకుపోయాడు. ఎకరం నేల మీద ఎవరో నిప్పు పరిచినట్టున్నాయి కాయలు. ఘాటుకు నేను దగ్గిన దగ్గుకు తుంగభద్ర అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయి ఉంటాయి. సుగుణమ్మ ఎర్రచీర కట్టుకొని ఆ కాయల మధ్య కూర్చుని, చెడిపోయినవి ఏరి పక్కకు వేస్తోంది. అన్న కెమెరా పెట్టేసరికి కొంగు సర్దుకుంది.

"ఏమిరా దేవా, తీసేకి ఊర్లో నా మొగమే దొరికిందా నీకు?"

"నీ మొగం గాదక్కా. కాయలు."

"అట్లయితే నేను లేచి పోతా, కాయలనే తీసుకో."

"వద్దు వద్దు, నీ చీర కావల్ల."

అక్క ఒక గుప్పెడు కాయలు ఆయన మీదికి విసిరింది. అదీ వీడియోలో ఉంది. ఇంటికొచ్చాక అన్న నాకు చూపించాడు. నిన్న కోసి పోసిన కాయలో ఇంకా తడి ఉంది, దాని ఎరుపు ఒకటి. వారం ఎండిన కాయది ఇంకొకటి, లోపలికి గుంజుకున్న ముదురు ఎరుపు. నడుమ అక్క చీర, అది మూడోది. "ఈ మూడూ యిడియిడిగా చూపించేదే తెర. కలిపేసి ముద్ద చేసి చూపించేదాన్ని గోడ అంటారు" అన్నాడు. ఆ రోజు నుంచి టీవీ కొన్నా, మానిటర్ కొన్నా మొదట సుగుణమ్మ వచ్చి అందులో మిరపకాయలు ఏరి పోయేది.

కొన్నాళ్లకు పెళ్లిళ్లలో కొత్త మోజు వచ్చింది. పొద్దున తాళి కట్టిన వీడియో సాయంత్రం రిసెప్షన్‌లో పెద్ద తెర మీద ఆడాలి. అంటే పెళ్లి జరిగే చోటే, వంటవాళ్ల పొగ పక్కన, జనరేటర్ మోత కింద కూర్చొని మిక్సింగ్ చేయాలి. స్టూడియోలో ఉన్న కంప్యూటర్ను మోయాలంటే ఇద్దరు హమాలీలు కావాలి. లాప్‌టాప్ లేకపోతే పెళ్లిళ్లన్నీ పక్క స్టూడియోలకు పోతాయి. అప్పటికే రెండు మూడు పోయాయి కూడా. ఇక అన్న, నేను, పెన్‌డ్రైవ్‌లో సుగుణమ్మ షాపులు తిరగడం మొదలుపెట్టాం.

ఆయన పరీక్ష చాలా పద్ధతిగా ఉండేది. ముందు చార్జర్ పీకేసేవాడు, పల్లెలో కరెంటు పోతే ఈ గుర్రం ఎంత దూరం పరిగెత్తుతుందో చూడాలని. తర్వాత వీడియో ఆడించి, సందు దగ్గర చెయ్యి తిప్పి పెట్టి జ్వరం చూసేవాడు. ఇంతవరకూ అన్ని యంత్రాలూ పాసయ్యేవి. చివర్లో తెరకు మొహం దగ్గరగా పెట్టి, "ఎరుపు సచ్చిపోయిందప్పా దీంట్లో" అనేవాడు. తర్వాతి షాపులో అదే మాట, ఆ తర్వాత షాపులోనూ అదే. కర్నూలులో ఎరుపు బతికి ఉన్న లాప్‌టాప్ ఒక్కటీ లేదని తేలిపోయింది. మేము సందు మలుపు తిరుగుతుంటేనే కొన్ని షాపుల వాళ్లు భోజనానికి లేచేవారు, అది పొద్దున పది గంటలైనా సరే.

"కడపకు పోదాం పా" అన్నాడు చివరికి.

కడపలో రఫీ భాయ్ అనే ఆయన షాపు. ఓపిక అనేది ఆయన దగ్గర బస్తాల్లో ఉంది. ఉన్న యంత్రాలన్నీ వరుసగా తెరిచి పెట్టాడు. అన్న ఒక్కొక్కదాన్నీ వద్దంటూ పోయి, చివరిదాని ముందు ముక్కు తెరకు ఆనేంతగా వంగాడు.

"ముద్ద. అంతా ఒకటే ముద్ద."

"సాబ్, ఇట్లంటే ఎట్ల సాబ్" అన్నాడు రఫీ భాయ్. "నా షాపు పరదా ఎరుపు, మా బీవీ కోపం ఎరుపు, అన్నీ కనపడతాయి దీంట్లో. భయ్యా, నువ్వు చూడు, నువ్వు చెప్పు."

నేను చూశాను. తడికాయ ఒకపక్క, ఎండుకాయ ఒకపక్క, నడుమ అక్క చీర. చీర మడతలో ఇరుక్కున్న ఒక తొడిమ కూడా కనపడుతోంది. నిజానికి కర్నూలులో చూసిన రెండు మూడింటిలోనూ నాకు ఇట్లాగే కనపడింది. అప్పుడు అన్న కన్ను ముందు నా కన్ను ఎంతలే అని ఊరకున్నాను. ఈసారి ఆయన నేర్పినట్టే, ఏం కనపడుతోందో అది చెప్పాను.

"మూడూ యిడియిడిగా ఉండాయన్నా."

అన్న పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుని బయటికి నడిచాడు.

తిరుగు బస్సులో మైదుకూరు దాటాక ధైర్యం తెచ్చుకున్నాను. "అన్నా, ఒకసారి కన్ను చూపించుకోరాదా" అన్నాను.

"ఎవరి కన్ను?"

"నీదేన్నా."

"ఈ జిల్లాకు రంగు నేర్పిచ్చిన కన్ను అప్పా ఇది. దీన్ని ఎవురికి చూపియ్యాల?"

లేచి పోయి డ్రైవర్ పక్కన ఇంజను మూత మీద కూర్చున్నాడు. నంద్యాల వచ్చేదాకా ఇటు తిరగలేదు. ఆ రోజు ఆయన లోపలి వేడి ముందు ఇంజను చల్లబడి ఉంటుంది.

ఇందులో కడుపు మండే సంగతి ఒకటుంది. వాళ్ల చర్చిలో ఏటా కంటి క్యాంపు పెడతారు. శుక్లాలున్న ముసలివాళ్లను పల్లెల నుంచి తెచ్చి, ఉచితంగా ఆపరేషన్ చేయించి పంపుతారు. దాని వీడియో ఏటా తీసేది దేవసహాయం అన్నే, పైసా తీసుకోకుండా. కంటికి పచ్చగుడ్డ కట్టుకున్న అవ్వల ముందు మోకాళ్ల మీద కూర్చొని, "ఇట్ల చూడవ్వా, కొంచెం నవ్వు" అని బతిమాలేవాడు. బస్సులో ఆ మాట జరిగిన తర్వాతి నెలలోనూ తీశాడు. డాక్టర్ నవ్వుతూ, "దేవసహాయం, నువ్వూ ఒకసారి కూర్చోవయ్యా" అనడం నేను విన్నాను. "నేను తీసేవాణ్ణి సార్, చూపిచ్చుకునేవాణ్ణి కాదు" అన్నాడు. ఆ వీడియోలో, కట్టు విప్పగానే ఒక తాత కోడలి మొహం చూసి ఏడుస్తాడు, ఆ ముక్కను నేనే మిక్సింగ్‌లో అతికించాను. వరుసలో ఉన్న కుర్చీకి, అన్న నిలబడిన చోటికి మధ్య రెండు బారల దూరం. ఆయన జీవితమంతా ఆ రెండు బారల దగ్గర ఆగిపోయింది.

చివరికి ఆయన కొన్నది పిల్లలు ఆటలాడుకునే లాప్‌టాప్. తెర చూస్తే కళ్లు జిగేలుమంటాయి. మీటల కింద రంగురంగుల దీపాలు పరుగెత్తుతుంటాయి, తిరునాళ్లలో జెయింట్ వీల్‌లా. "ఇదీ ఎరుపంటే" అన్నాడు. నాకు మాత్రం, "రంగు ఇంక నేను చూసుకుంటా. నువ్వు కేబుళ్లు చుట్టు" అన్నాడు.

ఆ తర్వాతి పెళ్లిళ్లు మీరు చూసి ఉండాల్సింది. ఎర్రగుంట్లలో ఒక లారీల యజమాని కొడుకు పెళ్లి చేశాం. సిమెంటు ఫ్యాక్టరీల ఊరు, మనుషుల కనుబొమల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉంటుంది. అన్న చేతిలో పడ్డాక ఆ దుమ్ము కూడా ఎర్ర గులాల్ అయింది. పెళ్లికొడుకు వాళ్ల నాన్న ఫోన్ చేసి, మా ఇంట్లో అందరూ తాగినట్లు కనపడుతున్నారే అని అడిగాడు. మీ టీవీలో సెట్టింగు సరిగ్గా లేదని అన్న సమాధానం చెప్పాడు. తర్వాత ఫోన్ చేసినవాళ్లందరికీ అదే సమాధానం. ఆయన లెక్కలో కడప జిల్లాలో, కర్నూలు జిల్లాలో టీవీలన్నీ పాడైపోయాయి.

ఒంటిమిట్టలో గుడి దగ్గరి కల్యాణ మండపంలో ఒక పెళ్లి. సాయంత్రం పెద్ద తెర మీద వీడియో మొదలైంది. పెళ్లికూతురి మొహం నిండుగా వచ్చింది. ముందు వరుసలో ఆమె అవ్వ కూర్చొని ఉంది. చెంప మీద చెయ్యి వేసుకుని, అందరికీ వినిపించేట్టు అడిగింది.

"ఏమప్పా, మా పాపకు అమ్మవారు పోసినట్లుండాదే?"

పెళ్లికొడుకు వైపు వాళ్లు నవ్వారు. ఒక్కసారి మొదలైన నవ్వు బంతి వరుసలా పాకింది. వేదిక మీద ఆ పిల్ల తల దించుకుంది. మేకప్‌కు మూడు గంటలు కూర్చున్న పిల్ల. వాళ్ల నాన్న మా వైపు వచ్చాడు. అన్న ఒక్క క్షణం తెర వైపు చూశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మావాడు చేసినాడు సార్. వానికి ఎరుపు తెలీదు. పుట్టుకతోనే."

నేను కేబుల్ చుడుతున్నాను. అది పూర్తిగా చుట్టి, ముడి వేసి, పెట్టెలో పెట్టి, నడుచుకుంటూ బయటికి వచ్చాను.

వీడియోల లోకం చిన్నది. ఒంటిమిట్టలో అన్న మాట నాకంటే ముందు బస్సెక్కి కర్నూలు చేరింది. కెమెరా వాళ్లంతా టీ తాగే అంగడి దగ్గర నేను కనపడితే ఎవడో ఒకడు టమాటా చూపించేవాడు. "నాగరాజన్నా, ఇది ఏం రంగు?" అంతా నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే నిజమనుకుంటారు కదా. ఏ స్టూడియోలోనూ నాకు రంగు పని ఇవ్వలేదు. దొరికింది సంతాప వీడియోల పని. పోయినవాళ్ల ఫోటోలు వరుసగా పెట్టి వెనుక పాట వేయడం. వాటికి నలుపు తెలుపు సరిపోతుంది. ఎరుపు తెలియనివాడికి అంతకంటే తగిన పని ఏముంటుందని వాళ్ల ఉద్దేశం. ఈ రెండు జిల్లాల్లో ఎవరు పోయినా నా ఇల్లు గడిచింది. పిండానికి ఎదురుచూసే కాకికి, నాకు పెద్ద తేడా లేకుండా పోయింది.

అన్న స్టూడియో ఎక్కువ కాలం నిలవలేదు. మూతపడిన ఏడాదికి కూతురు తబిత ఆయన చెయ్యి పట్టుకుని అదే చర్చిలో అదే క్యాంపు కుర్చీలో కూర్చోబెట్టిందట. రెండు కళ్లలోనూ పొర. సగం పూటలో అయిపోయే పని. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగింది. దేవసహాయం అన్న నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఆ దీపాల లాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని దిగాడు.

"నాగరాజూ, నీ మంచి మానిటర్ ఉంది గదా, దీన్ని దానికి తగిలియ్యి. పాతవి కొన్ని చూడల్ల."

తగిలించాను. అద్దాలు తీసి పక్కన పెట్టాడు. మొదట వచ్చిందే ఒంటిమిట్ట పెళ్లి. పిల్ల మొహం తెర నిండా వచ్చింది.

"ఎవరప్పా ఇది చేసింది? కారం పూసి పెండ్లి చేసినారా పిల్లకు?"

"నువ్వే అన్నా."

ఎర్రగుంట్ల పెళ్లి చూశాడు. ఆ తర్వాతది చూశాడు. దాని తర్వాతదీ. ఒక్కటీ ముందుకు జరపకుండా, తలంబ్రాలు, అప్పగింతలు, కేకు కోయడాలు, అన్నీ కూర్చుని చూశాడు. తన పరువు తీసిన తన చేతి పనిని ఒక మనిషి అంతసేపు కదలకుండా చూడడం నేను మళ్లీ చూడలేదు. నా భార్య మజ్జిగ తెచ్చి పెట్టింది. తాగి, గ్లాసు కింద పెట్టి, తెర వైపే చూస్తూ అన్నాడు.

"నువ్వు చెప్పింటే సరిపోయేది గదప్పా."

"చెప్పినా కదన్నా, బస్సులో."

"గట్టిగా చెప్పలేదు."

నేను ఎదురుచూశాను. ఇంకొక మాట రావాలి. ఒంటిమిట్ట మండపంలో నా భుజం మీద పడిన చెయ్యి గురించి ఒక మాట. నాకు ఒక్కడికి చెప్పినా చాలు, టీ అంగడి దాకా పోనక్కర్లేదు. ఆయన లేచాడు. అద్దాలు పెట్టుకున్నాడు. గడప దగ్గర ఆగి కిందికి చూశాడు.

"గడపకు పసుపు మాసింది. మళ్లీ పూయమని చెప్పు మీ ఇంట్లో."

కొత్త కన్ను ఎంత బాగా పనిచేస్తుందో నాకు చూపించి ఆటో ఎక్కాడు. లోపలికి వచ్చి చూస్తే మానిటర్ పక్కన పెన్‌డ్రైవ్ ఉంది. మరిచిపోయాడో, వదిలిపెట్టాడో అడగలేదు. మాట బదులు అది ఇచ్చాడని కొందరంటారు, అనేవాళ్లకు టమాటా చూపించినవాడు లేడు కదా.

పోయినేడు ఆయన పోయాడు. సంతాప వీడియో నాతోనే చేయించాలని తబిత పట్టుబట్టింది. ఫోటోలు అన్నీ రంగులవే, ఒకదాంట్లో ఆయన సుగుణమ్మ కల్లంలోనే నిలబడి ఉన్నాడు. నేను అన్నింట్లోంచీ రంగు పీకేశాను. కల్లం బూడిద రంగైంది. చర్చిలో అందరూ చూసి శానా బాగుందన్నారు. బాగుంది అనేది రంగు కాదని చెప్పేవాడు అప్పటికి పెట్టెలో ఉన్నాడు.

ఇప్పుడు టమాటా కథ తెలిసినవాళ్లు చాలామంది ఈ పని వదిలేశారు. కొత్త పిల్లలకు అది తెలియదు. అందుకే ఇన్నేళ్లకు నాకు ఒక పూర్తి రంగుల పెళ్లి, ఫోర్ కె లో, దొరికింది. నా దగ్గరున్న పాత కంప్యూటర్ ఫోర్ కె అనే మాట వింటేనే మూర్ఛపోతుంది. ఆ పెళ్లి కోసమే ఈ షాపు, ఈ వేడిగాలి, ఈ శిరీష.

సుగుణమ్మ తెర మీదికి వచ్చింది. కొంగు సర్దుకుంది. నేను ముందుకు వంగాను. తడికాయ ఉంది. నడుమ అక్క చీర ఉంది. ఎండుకాయ కోసం వెతికాను. చీర ఎక్కడ ముగిసిందో, ఎండుకాయ ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఇంకొంచెం వంగాను. నా ముక్కు తెరకు ఎంత దగ్గరికి పోయిందో అప్పుడు తెలిసి, చటుక్కున వెనక్కి వచ్చాను. ఎరుపు సచ్చిపోయిందప్పా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ల వెనుకే ఆపాను.

"నీకు ఎట్ల కనపడతాందమ్మా?" అన్నాను శిరీషను.

"బాగుంది సార్."

"బాగుంది అనేది రంగు కాదమ్మా. ఏం కనపడతాందో అది చెప్పు."

ఈ ముసలాయనతో ఏమిటీ తంటా అన్నట్టు ఒకసారి చూసి, తెర వైపు తిరిగింది.

"మూడు రకాల ఎరుపు ఉండాది సార్. ఈ కాయలు పచ్చిగా, తడిగా ఉండాయి. ఇవి బాగా ఎండినాయి. ఆమె చీర వేరే. చీర మడతలో ఏందో తొడిమ ఉండాది చూడండి."

చూశాను. తొడిమ లేదు. అంటే ఉంది, నాకు లేదు. నాగరాజుకు ఎరుపు తెలియదని ఒంటిమిట్టలో దేవసహాయం అన్న చెప్పిన అబద్ధం, ఆయన పోయాక, తీరిగ్గా నిజమై వచ్చి నా ఎదురుగా కూర్చుంది. పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాను. నా కాళ్లు వాటంతట అవే గుమ్మం వైపు ఒక అడుగు వేశాయి, కడపలో ఆయన కాళ్లు వేసినట్టే. వాటిని ఆపి, మళ్లీ బల్ల దగ్గరికి తిప్పుకొచ్చాను.

"లాప్‌టాప్‌లో ఏం తప్పు లేదమ్మా" అన్నాను. "కట్టివ్వు."